అమ్మానాన్న పోయాక మా పిల్లలతో: 2021 మే నుంచి 2022 నవంబరు వరకు

మా అక్క కూతురు ఇది మొత్తం చదివి, తనకు ఇష్టం లేని రెండు భాగాలు కొట్టివేసి, మిగిలినది రాయవచ్చునని చెప్పిన తరువాతనే రాస్తున్నాను. ఆమెకు ఇప్పుడు 16 ఏళ్లు, తమ్ముడికి 10. తల్లిదండ్రులిద్దరూ కోవిడ్ రెండో విడతలో పోయిన నాటి నుంచి వారిద్దరూ రాజమహేంద్రవరంలో మా ఇంట్లోనే ఉంటున్నారు. ఇటువంటి పిల్లలను ఇంటికి తెచ్చుకున్న పిన్నులు, మేనమామలు, అమ్మమ్మలు మన రాష్ట్రంలో చాలామంది ఉన్నారు. కాగితాల పని ఎలా జరుగుతుందో వారికి ఎవరో ఒకరు చెబుతారు. పిల్ల మనసుకు వైద్యం ఎలా జరుగుతుందో, దానికి ఎంత కాలం పడుతుందో నాకు చెప్పినవారు లేరు.

అక్కావాళ్లది కాకినాడ. బావ సొంత కారు కొని ట్రావెల్స్‌కు తిప్పేవాడు. 2021 ఏప్రిల్ చివరి వారంలో మొదట అమ్మాయికి జ్వరం వచ్చి రెండు రోజుల్లో తగ్గింది, ఆ తరువాత అక్కకు, అక్క వెనుకే బావకు వచ్చింది. మే 8 ఉదయం అక్క పోయింది. మే 13న మరో ఆసుపత్రిలో బావ పోయాడు. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ కాబట్టి, తెల్లవారి ఆరింటికి బయలుదేరి, పక్కింటివారి దగ్గర ఉన్న పిల్లలను తీసుకుని పన్నెండు లోపల తిరిగి రావలసి వచ్చింది. అక్క ముఖాన్ని పిల్లలు చివరిసారి చూడలేదు, మేమూ చూడలేదు. ఆసుపత్రి నుంచి కవరులో చుట్టి నేరుగా శ్మశానానికి తీసుకుపోయారు.

బాబు రాత్రింబగళ్లు ఏడ్చాడు. అమ్మాయి ఏడవలేదు. తమ్ముడికి పాలు కలిపి ఇచ్చింది, బీరువాలో నుంచి ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకాలు ఏరి ఒక సంచిలో పెట్టి నా చేతికి ఇచ్చింది, బట్టలు మడత పెట్టింది. పరామర్శకు ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ ఎంత ధైర్యం ఉన్న పిల్లో అని మెచ్చుకున్నారు. తమ్ముడిని నువ్వే చూసుకోవాలమ్మా అని చెప్పనివారు లేరు. ఆ మాట పద్నాలుగేళ్ల పిల్లతో అనవద్దని ఇప్పుడు నేను తెలిసిన ప్రతివారినీ బ్రతిమాలుతున్నాను.

మే చివరి వారంలో వార్డు సచివాలయం నుంచి ఒకసారి, అంగన్‌వాడీ సూపర్‌వైజరు ఒకసారి వచ్చి పిల్లల వివరాలు రాసుకున్నారు. తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లల పేరిట రూ. 10 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తామని రాష్ట్ర ప్రభుత్వం అప్పటికే ప్రకటించింది, పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకాన్ని కేంద్రం మే 29న ప్రకటించింది. మరణ ధ్రువపత్రాలు, కోవిడ్ పాజిటివ్ రిపోర్టులు, రేషన్ కార్డు, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు అడిగారు. అన్నిటినీ ముందే పదేసి జిరాక్సులు తీయించి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఒకే కాగితాన్ని ప్రతి శాఖా విడిగా అడుగుతుంది.

చిక్కు బావ విషయంలో వచ్చింది. ఆయనకు ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ వచ్చింది, సీటీ స్కాన్‌లో మాత్రం ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నట్లు ఉంది, ఆసుపత్రివారు మరణానికి కారణం గుండె ఆగడం అని రాశారు. కోవిడ్ అన్న మాట లేదు కాబట్టి మా ఫైలు ఆగిపోయింది. ఆర్‌టీపీసీఆర్ లేకపోయినా ఆసుపత్రిలో వైద్యులు నిర్ధారించిన కేసులను కోవిడ్ మరణాలుగా గుర్తించవచ్చునని, అభ్యంతరాలను జిల్లా స్థాయి కమిటీ పరిశీలించాలని కేంద్రం సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చాక దరఖాస్తు పెట్టాము. డిసెంబరులో గాని ఆ పత్రం చేతికి రాలేదు. స్కాన్ ఫిల్ములు, కేస్ షీటు నకలు పారేయకుండా ఉంచినందువల్లనే అది వచ్చింది.

జూన్‌లో మరొక బాధ పడ్డాము. పిల్లలకు సాయం చేస్తామని బియ్యం బస్తాలు, చీరలు, పుస్తకాల సంచులతో కొందరు వచ్చేవారు. ఇచ్చేముందు పిల్లలను మధ్యలో నిలబెట్టి ఫోటో తీయాలనేవారు. మొదటిసారి తీశారు కూడా. ఆ ఫోటో పత్రికలో పడి, అమ్మాయి తరగతి వాట్సాప్ గ్రూపుకు చేరింది. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫోటో బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుందని, ఇటువంటి పిల్లలు ఎవరి సంరక్షణలో ఉండాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీ వారే మాకు చెప్పారు. ఆ తరువాత ఫోటో అడిగినవారికి సెక్షన్ సంఖ్యతో సహా చెప్పి పంపించాము. కొందరు బస్తాలు తిరిగి పట్టుకుపోయారు, పోనివ్వండి.

కమిటీ ముందు హాజరు కావడం గురించి నేను చాలా భయపడ్డాను. నాయనమ్మ బాబును మాత్రం తన దగ్గరకు పంపమని పట్టుబట్టింది. మొదటి విచారణ వీడియో కాల్‌లో జరిగింది, జూలైలో కాకినాడ వెళ్లాము. సభ్యులు పిల్లలతో విడిగా, మేము ఎవరమూ లేకుండా మాట్లాడారు. తోబుట్టువులను విడదీయకుండా ఇద్దరినీ మా సంరక్షణలో ఉంచుతూ ఉత్తర్వు ఇచ్చారు, నాయనమ్మ ఎప్పుడైనా వచ్చి చూడవచ్చునని అందులోనే రాశారు. అంతకుముందు జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒక సామాజిక కార్యకర్త మా ఇంటికి వచ్చి గదులు, వంటిల్లు, మా జీతాల వివరాలు చూసి వెళ్లారు. ఆ ఫారాల్లో ప్రతిదీ 2021 మే నుంచే మొదలవుతుంది. తల్లి మరణించిన తేదీ, తండ్రి మరణించిన తేదీ, పిల్లల ప్రస్తుత ఆరోగ్యం. అంతకుముందు ఆ ఇంట్లో పిల్లలు ఎలా బ్రతికారన్న గడి ఏ ఫారంలోనూ నాకు కనిపించలేదు.

ఆగస్టు 16న బడులు తెరిచారు. అమ్మాయిని మా దగ్గరి బడిలో పదో తరగతిలో చేర్చాము. రెండో వారం నుంచి రోజూ ఉదయం ఎనిమిదింటికి కడుపునొప్పి, వాంతి వచ్చినట్లు ఉండడం మొదలైంది. ఆదివారం నొప్పి ఉండేది కాదు. పిల్లల డాక్టరు గ్యాస్ అన్నారు, స్కానింగ్ చేయించారు, రక్తపరీక్షలు, మూత్రపరీక్షలు, ఆ తరువాత కడుపు డాక్టరు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దాదాపు తొమ్మిది వేల రూపాయలు వీటికే అయ్యాయి, అన్ని రిపోర్టులూ బాగానే ఉన్నాయన్నారు. బాగానే ఉందని విన్నప్పుడల్లా ఆ పిల్ల ముఖం ఇంకా చిన్నబోయేది. తాను నటిస్తున్నానని మేము అనుకుంటున్నామని భయపడినట్లు తరువాత చెప్పింది.

నవంబరు మొదటి వారంలో నాకు రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, అక్కావాళ్లింటి నుంచి తెచ్చుకున్న, వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సిమీటరు అమ్మాయి దిండు కింద ఉండేది. రాత్రి రెండింటికి, నాలుగింటికి లేచి నిద్రపోతున్న తమ్ముడి వేలికి పెట్టి చూసి, సంఖ్య ఒక నోటుబుక్కులో రాసుకునేది. ఆగస్టు నుంచి అన్ని పేజీలూ 98, 97, 98 అని నిండిపోయి ఉన్నాయి. రెండోది, మా వంటింట్లో కూరగాయల కత్తులు సాయంత్రం అయ్యేసరికి కనిపించేవి కావు. వెతికితే బియ్యం డబ్బాలో అడుగున దొరికాయి. ఎందుకమ్మా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. నాన్న వచ్చే వేళకు అమ్మ తనతో అలా దాపించేదని, ఇక్కడ అవసరం లేదని తెలిసినా చేతులు ఊరుకోవడం లేదని చెప్పింది.

బావ తాగుతాడని మాకు తెలుసు. కొడతాడని అక్క ఎప్పుడూ చెప్పలేదు, అడిగితే నవ్వి మాట మార్చేది. ఆ వారంలోనే ఒక రాత్రి, నేను లేకపోయినా తమ్ముడిని మీరే చూసుకుంటారు కదా పిన్నీ అని అమ్మాయి అడిగింది. మామూలు గొంతుతో అడిగింది కాబట్టి మరీ భయం వేసింది. ఆ రాత్రి ఆమె పక్కనే పడుకున్నాను, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ మా వారు బీరువాలో పెట్టి తాళం వేశారు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మా ఇంట్లో పెద్దవారు వారించారు గాని, అది నిజం కాదని, అడగడమే మంచిదని తరువాత డాక్టరు చెప్పారు. అవునంది. అప్పుడే మొదటిసారి ఏడ్చింది.

మరునాడు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక విభాగం ఓపీకి వెళ్లాము. మూడు గంటలకు పైగా వరుసలో కూర్చున్నాము. డాక్టరు గదిలో మాతోపాటు మరో ఇద్దరు రోగులు, వారి బంధువులు ఉన్నారు. అమ్మానాన్న ఎలా పోయారమ్మా అని అందరి ముందు అడిగారు, పిల్ల తల వంచుకుంది, నిద్రకు మాత్రలు రాశారు. ఆ డాక్టరు చెడ్డవారు కారు. ఆ గదిలో ఆ రద్దీలో అంతకన్నా చేయగలిగింది ఉండదు. నేను బ్రతిమాలితే కాగితం వెనుక విశాఖపట్నంలో పిల్లల మానసిక వైద్యం చూసేవారి పేరు రాసిచ్చారు. అక్కడ ఫోన్ చేస్తే జనవరి మొదటి వారానికి తేదీ దొరికింది. అందాకా రాత్రిళ్లు ఒంటరిగా వదలవద్దని, ఏదైనా అయితే ఎప్పుడైనా ఫోన్ చేయమని వారి నర్సు నంబరు ఇచ్చింది. ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా ఉన్నారు.

అప్పటికి చాలా రైళ్లలో జనరల్ టికెట్లు లేవు, కూర్చునే సీటుకైనా రిజర్వేషన్ చేయించుకోవాలి. జనవరిలో వెళ్లినప్పుడు సైకియాట్రిస్టు, అంటే మందులు రాసే మానసిక వైద్యుడు, గంటకు పైగా మాట్లాడారు. వారి ఫీజు రూ. 600, మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు ఫీజు కూర్చున్న ప్రతిసారీ రూ. 1,000. మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. కోవిడ్ రాకముందు మీ ఇంట్లో ఒక మామూలు రోజు ఎలా ఉండేదో చెప్పమ్మా అన్నారు. ఎనిమిది నెలలుగా ఎన్నో ఆఫీసులు తిరిగిన పిల్లను ఆ మాట అడిగినవారు ఆయనే మొదటివారు.

సైకాలజిస్టు ఆమె నన్ను పిలిచి ఒక నియమం చెప్పారు. అమ్మాయి చెప్పినవేవీ నాకు చెప్పరు, ప్రాణానికి ప్రమాదం ఉన్నదైతే మాత్రం చెబుతారు, ఆ సంగతి అమ్మాయికీ ముందే తెలుసు. డబ్బు కట్టేది, పెంచేది మేమైనప్పుడు మాకు చెప్పకపోవడం ఏమిటని మా అత్తగారు నొచ్చుకున్నారు. ఆ నియమం వల్లనే ఆ పిల్ల నోరు తెరిచిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. సంక్రాంతి సమయానికి ఒమిక్రాన్ పెరిగి, ప్రయాణాలు మాని వీడియోలో మాట్లాడవలసి వచ్చింది. అది నష్టమనుకున్నాము. కాని కెమెరా ఆపేసి, మేడమీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడడం ఆమెకు ఎదురుగా కూర్చోవడం కన్నా సులువైంది. ఆ గంటసేపు మేము ఎవరమూ మేడ ఎక్కకుండా, బాబును మా వారు బయటికి తీసుకుపోయేవారు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో తానై నాకు చెప్పినవి, రాయడానికి ఒప్పుకున్నవి ఇవి. ఆ ఇంట్లో కొట్టడం ఆమెకు ఆరేళ్ల వయసు నుంచి ఉంది. అయినా బ్రతకగలిగింది, ఎందుకంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా బడి ఉండేది, బడి అయ్యాక ట్యూషను ఉండేది, వేసవిలో అమ్మమ్మ ఊరు ఉండేది. 2020 మార్చిలో ఆ మూడూ ఒక్కసారిగా మూతపడ్డాయి. బుకింగులు లేక కారు గుమ్మంలో నిలిచిపోయింది, కారు అప్పు ఆగలేదు. మద్యం దుకాణాలు మూసి ఉన్నన్నాళ్లు నాన్న వణుకుతూ, చిరాకుపడుతూ తిరిగేవాడట. 2020 మే 4న దుకాణాలు తెరిచారు, ధరలు 75 శాతం పెంచారు, ఇంటి డబ్బు ఇంకా వేగంగా అటు పోయింది. రెండు గదుల ఇంట్లో అందరూ పగలూ రాత్రీ ఉన్నారు. అక్క, పిల్లలు బాత్‌రూములో గడియ పెట్టుకుని గంటలు గడిపిన రోజులున్నాయి. ఆన్‌లైన్ తరగతిలో టీచరు మైకు ఆన్ చేయమంటే ఆమె చేసేది కాదు, ఇంట్లో అరుపులు తరగతికి వినిపిస్తాయని. నెట్ సరిగా లేదని రాసేది. మంచి మార్కుల పిల్ల వెనకబడితే ఆ టీచర్లు ఫోన్లో తిట్టారే గాని, ఎందుకని అడగలేదు.

అన్నిటికన్నా బరువైనవి రెండు. ముందు జ్వరం వచ్చింది తనకే కాబట్టి, పాల ప్యాకెట్టుకు కొట్టుకు వెళ్లిన తానే ఇంట్లోకి కోవిడ్ తెచ్చానని ఆమె నమ్మింది. లక్షణాలు బయటపడడానికి రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టవచ్చునని, ముందు జ్వరం వచ్చినవారే ముందు తెచ్చినవారు కానక్కరలేదని, ఆ రోజుల్లో బావ పాజిటివ్ వచ్చినవారిని కారులో ఆసుపత్రులకు చేరవేశాడని సైకాలజిస్టు ఆమెచేతనే క్యాలెండరు మీద తేదీలు వేయించి చూపించారు. ఒక్కసారి చూపితే పోలేదు, చాలా వారాలు అదే క్యాలెండరు ముందు కూర్చున్నారు. రెండోది, నాన్న పోయాడని తెలిసిన రాత్రి తనకు హాయిగా నిద్ర పట్టిందని చెప్పింది. ఆ నిద్రకు శిక్షగానే ఇవన్నీ జరుగుతున్నాయని అనుకుంది. మన ఇళ్లలో పోయినవారిని గురించి చెడు మాట్లాడకూడదంటారు. ఆ మర్యాద ఒక పిల్ల గొంతు మీద ఎంత బరువుగా కూర్చుంటుందో నేను కళ్లారా చూశాను. మీ నాన్న నిన్ను భయపెట్టాడు, ఆ భయం పోయినందుకు ఒళ్లు నిద్రపోయింది, అది పాపం కాదు తల్లీ అని నేను చెప్పాను, మా వారు చెప్పారు, చివరికి నాయనమ్మ కూడా ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. నాయనమ్మ అలా అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

డాక్టరు రాసిన మందు ఫ్లూఆక్సెటిన్, దిగులు, ఆందోళన తగ్గడానికి ఇచ్చేది, మొదట 10 మిల్లీగ్రాములు, తరువాత 20. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదటి వారాల్లో ఆందోళన పెరగవచ్చు కాబట్టి దగ్గరగా కనిపెట్టి ఉండాలని, మేము సొంతంగా ఆపకూడదని డాక్టరు చెప్పారు. మొదటి పది రోజులు వికారంతో అన్నం తినలేదు. మూడో వారం నుంచి రాత్రి లేవడం తగ్గింది. మందు ఖర్చు చాలా తక్కువ, నెలకు రెండు వందలు దాటలేదు. ఖర్చంతా ప్రయాణాలకు, సైకాలజిస్టు ఫీజులకు అయింది, ఏడాదిలో అన్నీ కలిపి యాభై వేలకు దగ్గరగా వచ్చింది. మా ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరితేనే ఇస్తుంది కాబట్టి ఒక్క రూపాయి రాలేదు. ఆక్సిమీటరును ఒకేసారి లాగేసుకోవద్దన్నారు. రాత్రికి రెండుసార్లు, తరువాత ఒకసారి, తరువాత వారానికి ఒకసారి అని అమ్మాయే తగ్గించుకుంటూ వచ్చి, ఏప్రిల్‌లో తానే తెచ్చి మందుల డబ్బాలో పెట్టింది.

పదో తరగతి పరీక్షలు 2022 ఏప్రిల్ 27న మొదలయ్యాయి. అక్క పోయింది చైత్ర బహుళ ద్వాదశి. పంచాంగం చూస్తే ఆ ఏడాది ఆ తిథి సరిగ్గా ఏప్రిల్ 27నే పడింది, మొదటి పరీక్ష తెలుగు. సాంవత్సరికం మార్చడానికి లేదు, పరీక్ష మార్చడానికి లేదు. ఇటువంటి తేదీలకు ముందు నుంచే సిద్ధపడాలని సైకాలజిస్టు మార్చిలోనే క్యాలెండరు అడిగి తెలుసుకున్నారు. పొద్దున నాలుగున్నరకు లేచి, అమ్మ ఫోటోకు దండ వేసి, దండం పెట్టుకుని పరీక్షకు వెళ్లాలని, కార్యక్రమం తాను లేకుండానే జరిపించవచ్చునని అమ్మాయి తానే నిర్ణయించుకుంది. పురోహితుడు గారు కూడా అడ్డు చెప్పలేదు. జూన్ 6న ఫలితాలు వచ్చాయి. రాష్ట్రంలో 67.26 శాతమే ఉత్తీర్ణులైన ఆ ఏడాది మా పిల్ల అన్నీ పాసైంది. మార్కులు ఒకప్పటి ఆమె మార్కులు కావు, మాకు వాటితో పని లేదు.

కాగితాల కథ దీనితో సమాంతరంగా నడిచింది. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి కాకినాడ ఒక జిల్లా, రాజమహేంద్రవరం కేంద్రంగా తూర్పు గోదావరి మరో జిల్లా అయ్యాయి. తల్లిదండ్రులు పోయింది అక్కడ, పిల్లలు ఉన్నది ఇక్కడ కాబట్టి ఫైలు ఎవరిదన్నది తేలడానికి నెలకు పైగా పట్టింది. ఈ స్థితిలో ఉన్నవారు కమిటీ ఉత్తర్వు నకలు పట్టుకుని రెండుచోట్లా అడగండి. పీఎం కేర్స్ కింద మే 30న దేశమంతటా ఒకే రోజు పిల్లలకు పాసుపుస్తకాలు, అయిదు లక్షల ఆరోగ్య కార్డు ఇచ్చారు. మావి ఆ ఫైలు తేలాక అందాయి. తపాలా ఖాతాలోని సొమ్ముపై 18 నుంచి 23 ఏళ్ల వరకు నెలనెలా కొంత ఇస్తారు, 23 నిండాక పది లక్షలు చేతికి వస్తాయి. ఆ సాయం విలువ నాకు తెలుసు, కృతజ్ఞత ఉంది. కాని ఆ తపాలా ఖాతా డబ్బంతా పిల్ల పెద్దదయ్యాక వస్తుంది, సైకాలజిస్టు ఫీజు ఈ నెల కట్టాలి. కోవిడ్ అనాథల కోసం తయారుచేసే ఏ పథకంలోనైనా పిల్ల మనసు చూసే మనిషి జిల్లాలో ఉండడం, ఆ మనిషి దగ్గర తలుపు వేసుకుని కూర్చునే ఒక గది ఉండడం మొదటి పద్దు కావాలని నా కోరిక.

ఇప్పుడు అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. సైకాలజిస్టుతో నెలకు ఒకసారి మాట్లాడుతోంది. మందు వచ్చే వేసవి దాకా కొనసాగించి, ఆ తరువాత మెల్లగా తగ్గిస్తామన్నారు. కడుపునొప్పి పరీక్షల ముందు వస్తుంది, పోతుంది. కత్తులు స్టాండులోనే ఉంటున్నాయి.

ఇన్నాళ్లూ బాగున్నాడనుకున్న బాబు దసరా సెలవుల నుంచి పక్క తడుపుతున్నాడు, నాన్న ఎందుకు కొట్టేవాడని అడుగుతున్నాడు. మానసిక సమస్యలకు ఫోన్లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ, అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేశాను, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడారు. వాడి వయసు పిల్లల్లో దుఃఖం ఆలస్యంగా రావచ్చునని, కోప్పడకుండా ఉండాలని, పిల్లల వైద్యులకు చూపించమని చెప్పారు. విశాఖలో డిసెంబరు రెండో వారానికి తేదీ దొరికింది. వాడి అక్క కూడా వస్తానంటోంది. తమ్ముడికి 2020కి ముందు సంగతులు గుర్తున్నవి, లేనివి తనకే బాగా తెలుసునని, డాక్టరు గారు అడిగితే తానే చెబుతానని అంటోంది. ఆమె మీద మళ్లీ ఆ భారం పెట్టవచ్చునో లేదో ముందుగా సైకాలజిస్టును అడిగి, ఆ తరువాతే టికెట్లు ముగ్గురికా నలుగురికా అన్నది తేల్చుకుంటాము.